పెళ్ళివాళ్ళ మధ్య పసుపు కోటు

మెర్రన్ గుంజ మీంచి తాడు తీసి ఓడలోకి విసిరింది. రోజూ చేసే పనే. కానీ ఆ రోజు తడితాడు కొస గాలికి ఊగి, రేవు మీద నిలబెట్టి ఉన్న పొడవాటి నల్లపెట్టెకు ఫెళ్ళున తగిలింది. పెట్టె పక్కకి ఒరిగి పడింది.

"అమ్మో, చంపేశారు!" అంటూ ఒకమ్మాయి పరుగున వచ్చి పెట్టె పక్కన మోకాళ్ళ మీద కూలబడింది.

"తాడు దారిలో పెట్టె పెట్టకూడదు," అంది మెర్రన్.

"పెట్టె దారిలో తాడు విసరకూడదని కూడా ఉండే ఉంటుంది లెండి." ఆ అమ్మాయి మూత తీసి లోపల తడిమి చూసుకుని, గుండె మీద చెయ్యి వేసుకుని నవ్వేసింది. "బతికే ఉంది. సరే, క్షమించేశాను."

నేనెప్పుడు క్షమాపణ అడిగాను? అనుకుంది మెర్రన్. అనుకుంది అంతే, పైకి అనలేదు. ఆమెకు అనుకోవడం ఎక్కువ, అనడం తక్కువ.

"నా పేరు రోవెనా. రాళ్ళ పరిశోధనకి గ్లాస్గో నుంచి వచ్చాను. ఎర్లెండ్ ఫ్లెట్ గారి పొలం ఎటండీ? ఫోన్లో గొంతు వింటే పెద్దాయనలా ఉన్నారు, పాపం."

అంతలో రేవు వాలులోంచి ట్రాక్టర్ వచ్చి ఆగింది. ఎర్లెండ్ కిందికి దూకాడు. వెనకే అతని కుక్క ఫ్లాస్ దూకింది.

రోవెనా మెర్రన్ చెవి దగ్గరికి వంగింది. "పెద్దాయన కాదే!"

మెర్రన్ ఆ మాట వినిపించుకోలేదు. ఆమె ఎర్లెండ్ తల వంక చూస్తోంది. తల దువ్వుకున్నాడు. గొర్రెల సంతకైనా, చర్చికైనా, సొంత మేనత్త పెళ్ళికైనా దువ్వని తల, నీళ్ళు పెట్టి పాపిడి తీసి మరీ దువ్వుకున్నాడు.

"ఏంటి మెర్రన్, అలా చూస్తున్నావ్?" అన్నాడు ఎర్లెండ్ పెట్టె ఎత్తుకుంటూ.

"తలకి ఏమైంది?"

"అమ్మ దువ్వింది. ఊరి పరువు పోతుందిట."

దువ్విందెవరైతేనేం, అనుకుంది మెర్రన్. నిలబడి దువ్వించుకున్నాడు కదా.

*

స్కాట్లండ్‌కి ఉత్తరాన ఉన్న ఆర్క్నీ దీవుల్లో హుండ్సే ఎంత చిన్నదంటే, ఒక కొసన తుమ్మితే రెండో కొసన "నిన్న వానలో తిరగొద్దన్నానా లేదా" అంటారు. ఉన్నవాళ్ళే అన్ని పనులూ పంచుకోవాలి. మెర్రన్ పొద్దున్న రేవులో తాళ్ళు పడుతుంది. ఓడ దిగిన చుట్టంచూపువాళ్ళని తర్వాత రాళ్ళ దగ్గరికి తీసుకెళ్ళి చూపిస్తుంది. రెండు పనులకీ అవే బూట్లు, అదే పసుపు వానకోటు.

రాళ్ళు ఫ్లెట్ వాళ్ళ పొలంలో, సముద్రం వైపు దిగే మెరక మీద వలయంగా నిలబడి ఉంటాయి. ఊళ్ళో వాటిని పెళ్ళివాళ్ళు అంటారు. శనివారం పెళ్ళిలో చిందులాడుతూ అర్ధరాత్రి దాటి, ఆటపాటలు చేయకూడని ఆదివారం వచ్చేసిందని మరిచిపోయారట. ఉన్నవాళ్ళు ఉన్నట్టే రాళ్ళయిపోయారట. వాటిని రెండుసార్లు లెక్కపెడితే ఒకే లెక్క రాదనీ, ఎప్పుడూ ఒకటి ఎక్కువో తక్కువో వస్తుందనీ అంటారు.

"ఎవరు నిలబెట్టారండీ? ఎందుకు?" అని అందరూ అడుగుతారు.

"తెలీదు," అంటుంది మెర్రన్. ఆ మాట చెప్పడం ఆమెకు ఇష్టం. వేల ఏళ్ళుగా వానలో నిలబడి కూడా నోరు విప్పనివాళ్ళంటే ఆమెకు గౌరవం.

వలయానికి కాస్త ఎడంగా బెజ్జం రాయి ఉంటుంది. నడుము ఎత్తున దానిలో చెయ్యి దూరేంత కన్నం. ప్రేమించుకున్నవాళ్ళు చెరో పక్క నిలబడి, కన్నంలోంచి కుడిచేతులు పట్టుకుని మాట ఇచ్చుకుంటే అది పెళ్ళితో సమానం. ఆ మాట తెంచుకోవడానికి ఒక్కటే దారి. ఇద్దరూ ఆదివారం చర్చికి రావాలి. ప్రార్థన అయ్యాక ఒకరు దక్షిణం తలుపులోంచి, ఇంకొకరు ఉత్తరం తలుపులోంచి వెనక్కి చూడకుండా వెళ్ళిపోవాలి. అంతే, తెగిపోయినట్టే.

చుట్టంచూపువాళ్ళకి మెర్రన్ ఇంతవరకే చెబుతుంది. చెప్పనిది ఒకటుంది.

చిన్నప్పుడు బడిపిల్లలందర్నీ టీచర్ అక్కడికి తీసుకెళ్ళింది. వాన మొదలైతే అందరూ గోడ కిందికి పరిగెత్తారు. మెర్రన్ బెజ్జం రాయి చాటున ఆగింది. కన్నంలోంచి ఒక తడిచెయ్యి వచ్చింది. అది ఎర్లెండ్‌ది.

"పట్టుకో. నాతోనే ఉంటానని చెప్పు."

"ఎప్పటిదాకా?"

"టీచర్ పిలిచేదాకా."

పట్టుకుంది. టీచర్ పిలిచేలోగా గొర్రెలు తోలుకుపోతున్న టామ్ తాత చూశాడు. చీకటిపడేసరికి ఊరంతా తెలిసింది. ఇప్పటికీ పెద్దవాళ్ళు ఎర్లెండ్‌ని "మీ ఆవిడ బావుందా?" అని ఆటపట్టిస్తారు. అతను నవ్వేస్తాడు, ఆమె కోటు టోపీ ముఖం మీదికి లాక్కుంటుంది. అంతకుమించి ఇద్దరూ ఎన్నడూ ఏమీ అనుకోలేదు. అక్కర్లేదని మెర్రన్ నమ్మకం. మొన్న కొత్త సంవత్సరానికి కుక్కని పిలిచే ఉక్కు ఈల ఒకటి కొనిచ్చింది. ఎర్లెండ్ దాన్ని ఆ క్షణమే మెడలో వేసుకున్నాడు. అప్పటినుంచీ తీయలేదు. స్నానానికి కూడా తీయట్లేదని వాళ్ళమ్మ జెసీ అత్త ఫిర్యాదు చేసింది.

మాటల కంటే అదే ఎక్కువ, అనుకునేది మెర్రన్.

*

మర్నాడు ఆమె చుట్టంచూపువాళ్ళతో మెరక ఎక్కేసరికి రాళ్ళ మధ్య నేలంతా తెల్లటి దారాలు వరసలుగా కట్టి ఉన్నాయి. రోవెనా రెండు గొట్టాలున్న పరికరాన్ని నడుము దగ్గర పట్టుకుని దారం వెంబడి కొలిచినట్టు నడుస్తోంది. పక్కనే ఎర్లెండ్. దారం ఒక వరసనుంచి ఇంకో వరసకి జరపడం అతని పని.

అతన్ని చూసి మెర్రన్‌కి మతిపోయింది. పాత పైజామా లాంటిదేదో తొడుక్కున్నాడు. బెల్టు బదులు ఓట్స్ గడ్డితో పేనిన తాడు కట్టుకున్నాడు. వాళ్ళ నాన్న గడ్డి అల్లి కుర్చీలు చేసేవాడు, ఆ చెయ్యి కొడుక్కీ వచ్చింది. అయినా నడుముకి గడ్డితాడు కట్టుకుని ఒక ఆడపిల్ల ముందు తిరగడమేంటి? పైగా ఆ అమ్మాయి చూసి పకపకా నవ్వుతుంటే తనూ నవ్వుతున్నాడు.

"ఫ్లాస్! ఇటు రా! ఫ్లాస్!" అని ఎర్లెండ్ నోటితో అరుస్తున్నాడు. కుక్క ఆ గొంతుని లక్ష్యపెట్టకుండా కుందేలు వెంటపడింది.

అరుపు దేనికి? ఈల ఉందిగా?

మెడ వంక చూసింది. ఈల లేదు.

గోడ మీద ఒక తెల్ల డబ్బా ఉంది, మూత లేదు. మెర్రన్ దాని పక్కనుంచి నడుస్తూ చూడకూడదనుకుంటూనే చూసింది. అందులో రోవెనా చేతిగడియారం, చెవి దిద్దులు, ఉంగరం. వాటి పక్కన, ఆ దిద్దులకి తాడు చుట్టుకుని, ఎర్లెండ్ ఈల.

స్నానానికి తీయనివాడు ఈవిడకోసం తీశాడు. తీసి ఈవిడ నగలతో కలిపి పెట్టాడు.

చుట్టంచూపువాళ్ళకి బెజ్జం రాయి కథ చెప్పింది. ఏ మాట చెప్పిందో ఆమెకే తెలీదు. రోవెనా కూడా ఆగి వింది.

"ఎంత బావుంది! మరి మీరు, మెర్రన్? మీరెప్పుడైనా ఎవరి చెయ్యైనా పట్టుకున్నారా ఇక్కడ?"

ఎర్లెండ్ దారం వదిలేసి ఇటు చూశాడు.

"లేదు," అంది మెర్రన్.

ఎర్లెండ్ తలొంచుకుని దారం ముడి విప్పుతున్నట్టు వంగాడు. విప్పాల్సిన ముడేమీ అక్కడ లేదు.

చుట్టంచూపువాళ్ళు వెళ్ళిపోయినా మెర్రన్ వెళ్ళలేదు. జేబులోంచి ఉక్కు ఫ్లాస్కు తీసి టీ పోసుకుంటూ నిలబడింది. రోవెనా దూరంనుంచే చెయ్యి ఊపింది.

"మెర్రన్ గారూ, ఏమనుకోకండి. కాస్త దూరంగా ఉంటారా? మీరు దగ్గర్లో ఉంటే మా పని ఏదీ సరిగా రాదు."

మా పని. ఒక్కరోజులో 'మా' అయిపోయింది.

"అలాగే," అని మెర్రన్ మెరక దిగింది. సగం దిగి, తిరిగి, గోడ వెనకనుంచి వంగి వంగి పైకెక్కింది. వాళ్ళు అటు తిరిగినప్పుడు మొదటి రాయి వెనక్కి చేరింది.

*

ఆ తర్వాత రోజూ అదే పని. ఓడ వెళ్ళిపోగానే మెర్రన్ రాళ్ళ చాటుకి వచ్చేది. వాళ్ళు ఒక వరస ముగించి జరిగితే ఆమె ఇంకో రాయికి జరిగేది. రాళ్ళేమో సన్నం, కోటేమో లావు. ఊపిరి బిగబట్టి నిలబడేది. గాలికి కోటు అంచు బయటికి ఎగిరితే గభాలున లాక్కునేది. రాయికి అటుపక్క చేయి చాస్తే అందేంత దగ్గర్లో రోవెనా అడుగులు చప్పుడయ్యేవి. ఆమె కళ్ళెప్పుడూ నేల మీదా దారం మీదానే.

మెర్రన్ చూసినవన్నీ మనసులో పేర్చుకుంది. రోవెనా అతని జుట్టులోంచి గడ్డిపోచ తీయడం. జెసీ అత్త పంపిన బార్లీ రొట్టెలు ఇద్దరూ ఒకే గుడ్డలోంచి తినడం. ఆ రొట్టెల మీద పుల్లటి రుబార్బ్ కాడల జామ్! పండక్కి తప్ప సీసా మూత తీయని జామ్. అంటే అత్తకి కూడా నచ్చేసిందన్నమాట.

"నువ్వు నవ్వితే ఊరంతా వినిపిస్తుంది," అంటున్నాడు ఎర్లెండ్.

"మీ ఊళ్ళో ఎవరూ నవ్వరా?"

"ఒకమ్మాయి ఉంది. ఏడాదికోసారి నవ్వుతుంది. అది చూడ్డానికి తక్కిన ఏడాదంతా ఆగాలి."

రోవెనా మళ్ళీ పకపకలాడింది. రాయి వెనక మెర్రన్ చెంపలు మండిపోయాయి. తనని కూడా వేళాకోళానికి వాడేశాడు! వాన మొదలైంది. మెడలోంచి లోపలికి దిగింది. కదల్లేదు. పెళ్ళివాళ్ళతోపాటు తనూ ఒక రాయిలా, తడుస్తూ, మండుతూ నిలబడింది.

శుక్రవారం సాయంత్రం ఎర్లెండ్ రేవుకి వచ్చాడు. మెడలో ఈల లేదు.

"నాలుగు రోజులుగా మా ఇంటివైపే రాలేదు. అమ్మ అడుగుతోంది."

"మీ అమ్మకి నేనెందుకు? జామ్ తినేవాళ్ళున్నారుగా."

"ఏంటి?"

"ఏమీ లేదు."

"మెర్రన్, ఏమైంది నీకు? అడిగితే తప్ప చెప్పవు, అడిగినా చెప్పవు. నీతో మాట్లాడ్డం కంటే ఆ రాళ్ళతో నయం."

"వాటితోనే మాట్లాడుకో. ఇప్పుడు నీకు అక్కడ తోడు కూడా ఉంది." ఆమె తాడు చుట్ట చుడుతూనే ఉంది. "ఆదివారం చర్చికి రా."

"ప్రతి ఆదివారం వస్తూనే ఉన్నాగా."

"అలా కాదు. ప్రార్థన అయ్యాక నేను దక్షిణం తలుపులోంచి పోతాను. నువ్వు ఉత్తరం వైపు పో. చిన్నప్పటి పిచ్చిపని ఎవరికీ అడ్డం ఉండకూడదు."

అతని చెవులు ఎర్రబడ్డాయి. కోపమొస్తే అతనికి ముందు చెవులే ఎర్రబడతాయి.

"అసలు ఎవరి చెయ్యీ పట్టుకోలేదన్నావుగా మొన్న. ఇప్పుడు తెంచుకోవడానికి ఏముందిట?"

మెర్రన్ తాడు చుట్టలో మరో మెలిక వేసింది.

"నీకు కావలసింది అదేనా?"

"అదే."

"సరే. వస్తాను."

అతను వెళ్ళిపోయాడు. మెర్రన్ చుట్టిన తాడు విప్పి మళ్ళీ చుట్టింది. వద్దని ఒక్కమాట అంటాడని ఆశపడిందని అప్పుడుగానీ ఆమెకే తెలియలేదు.

*

శనివారం సాయంత్రం రోవెనా తను కనిపెట్టింది చెబుతానంటే ఊరంతా పంచాయతీ హాలుకి వచ్చింది. టీ, రొట్టెలు, చీజ్, తడి కోట్ల వాసన. ముందు వరసలో టామ్ తాత, పక్కన జెసీ అత్త. మెర్రన్ వెనక గోడకి ఆనుకుని నిలబడింది. ఎర్లెండ్ కిటికీ దగ్గర. ఇద్దరి మధ్యా ఊరు ఊరంతా ఉంది.

"పన్నెండు కొట్టేలోగా ముగించమ్మా," అన్నాడు టామ్ తాత. "రాళ్ళయిపోతే రేపు చర్చికి మమ్మల్ని మోసేదెవరు?"

"మీరు ముందే సగం రాయి తాతా, మిమ్మల్నే మొదట పరీక్ష చేస్తాను," అంది రోవెనా. హాలు గొల్లుమంది. ఆమె చేత్తో దీపాలు తగ్గించమని సైగ చేసింది. గోడ మీద బూడిదరంగు బొమ్మ పడింది. మధ్యలో తెల్లని చుక్కలు వలయంగా ఉన్నాయి. అవే రాళ్ళు.

"తవ్వకుండానే మట్టి లోపల ఏముందో చూసే పని ఇది. ఈ పరికరం నేలలోని అయస్కాంత శక్తిని కొలుస్తుంది. ఎప్పుడో నిప్పు మండిన చోటైనా, ఇనుమున్న చోటైనా పట్టేస్తుంది. అందుకే మోసేవాళ్ళ ఒంటిమీద ఇనుపముక్క కూడా ఉండకూడదు. జిప్పూ, గుండీ, బెల్టూ ఏదీ వద్దు. పాపం ఎర్లెండ్! వారమంతా గడ్డితాడు కట్టుకుని తిరిగాడు. ఆ ఈల తీయమంటే మాత్రం ఎంత గొడవ! మొదటిరోజు దానికోసమే నాతో పోట్లాడాడు. అది లేకపోయేసరికి కుక్క కూడా మాట వినడం మానేసింది."

హాలంతా నవ్వింది. మెర్రన్ నవ్వలేదు. ఆమె చెవుల్లో సముద్రం హోరు.

డబ్బా. దిద్దులు. ఈల. "దూరంగా ఉంటారా." అన్నీ ఒకదాని వెనక ఒకటి తిరగబడ్డాయి.

"ఇప్పుడు అసలు విషయం," అంది రోవెనా. ఆమె గొంతులో ఉత్సాహం వణికింది. "చూడండి. ఈ రాయి వెనక, దీని వెనక, దీని వెనక కూడా కటిక నల్ల మచ్చలు! ప్రతి మచ్చా రాయి పాదం దగ్గరే. పెద్ద మంటలు మండిన గుంటలు అయివుండాలి. ఒక రాయి తర్వాత ఒక రాయి దగ్గరికి వెళ్ళి నిప్పు పెట్టారేమో. ఇలాంటిది నేనింతవరకూ చూడలేదు. సోమవారం ఇక్కడ తవ్వడానికి అనుమతి అడుగుతూ రాస్తున్నాను."

మెర్రన్ ఆ మచ్చలనే చూస్తోంది. ఆ రాయి వెనక మంగళవారం. ఆ రాయి వెనక బుధవారం, జామ్ రొట్టెలు. ఆ చివరిది వాన, మెడలోంచి దిగిన నీళ్ళు. ఏ మచ్చ దగ్గర ఎంత మండిందో ఆమెకి తెలుసు.

చూపు తన బూట్లమీదికి దిగింది. రేవులో పనిచేసేవాళ్ళ బూట్లు, వేళ్ళమీద ఇనుపరేకు. కోటుకి లావుపాటి ఇనుప జిప్పు. జేబులో ఫ్లాస్కు.

నోరు మూసుకుంటే ఎవరికీ తెలీదు. ఆమెకు అది అలవాటే. కానీ సోమవారం రోవెనా రాస్తుంది, మనుషులొస్తారు, పెళ్ళివాళ్ళ కాళ్ళ దగ్గర తవ్వుతారు. ఏమీ దొరకదు. అందరూ రోవెనాని చూసి నవ్వుతారు.

"అవి గుంటలు కావు," అంది మెర్రన్.

తలలన్నీ వెనక్కి తిరిగాయి. హాల్లో ఆమె గొంతు వినడం చాలామందికి అదే మొదటిసారి.

"అది నేను. ఈ బూట్లు. రాళ్ళ వెనక నేనున్నాను."

రోవెనా గోడ మీది మచ్చల వంక, మెర్రన్ బూట్ల వంక చూసింది. "వారమంతానా?"

"వారమంతా."

"కానీ... ఎందుకు?"

మెర్రన్ కోటు టోపీ ముఖం మీదికి లాక్కుంది. రోవెనా ఒకసారి మెర్రన్‌ని చూసింది, ఒకసారి కిటికీ దగ్గరున్న ఎర్లెండ్‌ని చూసింది. ఆమె ముఖం మీదికి నెమ్మదిగా ఒక వెలుగు వచ్చింది.

టామ్ తాత తొడ చరిచాడు. "మా తాత, ఆయన తాత, అందరూ చెప్పారు, ఆ రాళ్ళు లెక్కపెడితే ఒకటి ఎక్కువొస్తుందని! ఎన్నేళ్ళ రహస్యం వీడిపోయిందర్రా! ఆ ఎక్కువ రాయి మన మెర్రనే!"

హాలు కూలిపోయేలా నవ్వులు. "అసూయకి కూడా బొమ్మ తీస్తుందా అమ్మా ఈ మిషను?" అని ఇంకెవరో అడిగారు. మెర్రన్ అప్పటికే బయట వానలో పరిగెత్తుతోంది.

*

ఆదివారం ఆమె చర్చికి వెళ్ళకూడదనుకుంది. కానీ రమ్మన్నది తనే.

ఎర్లెండ్ వచ్చాడు. నడవకి అటుపక్క బల్ల మీద కూర్చున్నాడు. తల దువ్వుకోలేదు. ఆదివారం దారాల పని లేదు కాబట్టి ఈల మెడలో ఉంది. అది చూసి మెర్రన్‌కి ఏడుపొచ్చింది. ఇప్పుడు వద్దు, మరిచిపో అని ఏ ముఖంతో చెప్పడం? అసలు అతను మాత్రం ఎందుకు వద్దనాలి? వారమంతా తనని దొంగలా కాపలా కాసిన పిల్ల కోసమా?

పాస్టర్ ఏం చెప్పాడో తెలీదు. చివరి పాట ఏ పుట దగ్గర అయిందో తెలీదు. అందరూ లేచారు. కానీ ఎవరూ కదల్లేదు. హుండ్సేలో ఏ మాటా రేవులోనే ఉండిపోదు. వాళ్ళకన్నీ తెలుసు. రెండు తలుపులూ బార్లా తెరిచి ఉన్నాయి. దక్షిణంవైపు సముద్రం, వాన. ఉత్తరంవైపు కొండ, వాన.

మెర్రన్ లేచింది. బల్లల మధ్యనుంచి నడిచింది. జెసీ అత్త ఆమె మోచెయ్యి పట్టుకోబోయి, ఆగిపోయింది. మెర్రన్ దక్షిణం గడప దాటింది. వెనక్కి చూడకూడదు. చూడలేదు. గోడ దాకా నడిచి అక్కడే నిలబడిపోయింది. అతను ఉత్తరం నుంచి బయటికొచ్చి కొండవైపు వెళ్ళిపోతాడు. ఆ అడుగులు వినబడవు. అది ఒక్కటే నయం.

వెనక గులకరాళ్ళ మీద అడుగులు చప్పుడయ్యాయి.

"తప్పు తలుపు," అంది మెర్రన్ తిరక్కుండానే.

"వస్తానన్నాను. ఏ తలుపులోంచో చెప్పలేదు."

"నేను చెప్పాగా."

"నువ్వు చెప్పావు. నేను ఒప్పుకోలేదు."

ఆమె తిరిగింది. అతని జుట్టు వానకి నుదుటికి అంటుకుపోయింది, కన్నంలోంచి చెయ్యి చాచిన పిల్లాడిలాగే ఉన్నాడు.

"నామీద కోపంగా లేదా?" అంది.

"ఉంది. ఎవరి చెయ్యీ పట్టుకోలేదన్నావు చూడు, దానికి. అప్పటినుంచీ నిద్రలేదు." అతని చెవులు ఎర్రబడ్డాయి, ఈసారి కోపానికి కాదు. "ఇంకోటి చెప్పాలి. రోవెనాకి తెలిస్తే చంపేస్తుంది. నువ్వక్కడున్నావని నాకు మొదటిరోజే తెలుసు."

"ఏంటి?"

"మెర్రన్, ఆ రాయి వెడల్పెంత, నీ కోటు వెడల్పెంత? అరమైలు దూరంనుంచి కనిపిస్తుంది ఆ పసుపు."

"మరి చెప్పలేదేం! వాళ్ళ పని పాడవుతుందని నీకు తెలుసుగా!"

"చెప్తే వెళ్ళిపోతావుగా."

మెర్రన్‌కి, ఎప్పుడో ఏడాదికోసారి వచ్చే ఆ నవ్వు వచ్చింది. ముందు కళ్ళలో, తర్వాత బుగ్గల్లో. ఎర్లెండ్ టోపీ లేని తలతో వానలో నిలబడి, ఆ నవ్వు ఆసాంతం చూశాడు.

"మీ ఇద్దరూ దారిలోంచి జరుగుతారా?" చర్చి లోపలినుంచి జెసీ అత్త కేక. "ఊరంతా ఇదే తలుపులోంచి పోదామని కూచుంది! ఆ రెండో తలుపు ముట్టుకోవడానికి ఒక్కరూ ఒప్పుకోవట్లేదు, ఇక్కడ మాకు ఊపిరాడ్డం లేదు!"

*

సోమవారం పనంతా మొదటినుంచీ మొదలైంది. రోవెనా మెర్రన్‌ని ఎగాదిగా చూసింది.

"కోటు?"

"ఇంట్లో."

"బూట్లు? గుండీలు? పిన్నులు?"

"ఏమీ లేవు." జెసీ అత్త పాత ఉన్ని గౌను, కాళ్ళకి రబ్బరు జోళ్ళు. జుట్టు ఉన్నిదారంతో కట్టుకుంది.

"మంచిది. ఇక మీరు ఎంత దగ్గరగా నిలబడినా నాకు అభ్యంతరం లేదు," అంది రోవెనా. "ఎర్లెండ్‌కి అసలే ఉండదు. ఇతనేమో మొన్నటిదాకా ఏడాదికోసారి నవ్వే అమ్మాయి కబుర్లు చెప్పి నా బుర్ర తినేశాడు." పరికరం ఎత్తుకుని దారం వెంబడి వెళ్ళిపోయింది, వెనక్కి చూడకుండా. చూడకపోవడం ఆమెకు ఎంత కష్టంగా ఉందో వీపు చూస్తేనే తెలుస్తోంది.

"మెర్రన్," అని పిలిచాడు ఎర్లెండ్. గొంతు బెజ్జం రాయికి అటుపక్కనుంచి వచ్చింది.

ఆమె ఇటుపక్క నిలబడింది. కన్నంలోంచి చెయ్యి వచ్చింది. ఇప్పుడది పెద్దచెయ్యి, అరచేతినిండా కాయలు. వేళ్ళ మధ్య బంగారురంగు పోచలతో సన్నగా, ముడి కనబడకుండా అల్లిన చిన్న గడ్డి ఉంగరం.

"అసలుది పెద్దూళ్ళో కొంటాను. ఈ పని అయ్యేదాకా మాత్రం ఇక్కడ ఇనుమూ బంగారమూ ఏదీ తేకూడదట."

"రాత్రంతా అల్లావా?"

"మూడు పాడయ్యాయి. ఫ్లాస్ ఒకటి తినేసింది. చెయ్యి ఇస్తావా, ఇవ్వవా? భుజం పట్టేస్తోంది."

ఆమె కుడిచెయ్యి కన్నంలో పెట్టింది. ఉంగరం వేలికి కాస్త గుచ్చుకుంది. రాయి చల్లగా ఉంది, చెయ్యి వెచ్చగా ఉంది.

"ఎప్పటిదాకా?" అంది మెర్రన్.

గాలి, దూరంగా రోవెనా అడుగులు, ఈల లేని కుక్క స్వేచ్ఛగా మొరగడం.

"టీచర్ ఇంకా పిలవలేదుగా," అన్నాడు ఎర్లెండ్.